మాసచూసెట్స్‌లో మంచినీళ్ల సీసాలకూ డిపాజిట్: దుకాణదారులను ఒప్పించడం ఎలా?

బోస్టన్_విద్యార్థి: ఇక్కడి డిపాజిట్ చట్టం (కొనేటప్పుడు సీసాకు లేదా డబ్బాకు 5 సెంట్లు అదనంగా కట్టి, ఖాళీది తిరిగిస్తే వెనక్కి పొందడం) 1983 నుంచి అమలులో ఉన్నా సోడా, బీరు వంటివాటికే వర్తిస్తుంది, మంచినీళ్లకు, పళ్లరసాలకు వర్తించదు. ఆ 5 సెంట్లు నేటికీ మారలేదు. మొన్న శనివారం నదిగట్టు శుభ్రం చేసినప్పుడు నా సంచిలో సోడా డబ్బాలు రెండే ఉన్నాయి, మిగిలినవన్నీ నీళ్ల సీసాలే. చట్టం పరిధి పెంచాలని మా బృందం సంతకాలు సేకరిస్తోంది. 2014లో ఇదే ప్రతిపాదనను దాదాపు 73 శాతం ఓటర్లు తిరస్కరించారు. ఈసారి చిన్న దుకాణదారులకు ఏమని చెప్పాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

ఆరెగన్_పాతకాపు: పదమూడేళ్లుగా ఈ రంగంలోనే పనిచేస్తున్నాను కనుక ఖచ్చితంగా చెబుతున్నాను, 5 సెంట్లకు ఎవరూ కదలరు. మా ఆరెగన్ చట్టం 1971 నాటిది, దేశంలో మొదటిది. తిరిగొచ్చే ఖాళీలు వరుసగా రెండేళ్లు 80 శాతం కంటే తగ్గితే డిపాజిట్ రెట్టింపు కావాలని చట్టంలోనే ముందుగా రాసుకున్నాం. ఆ ప్రకారమే 2017లో 10 సెంట్లయింది.

కిరాణా_అన్న: మా దుకాణం వెనుక గదిని మీలో ఎవరైనా చూశారా? నేను అమ్మే రకాల ఖాళీలను నేనే వెనక్కి తీసుకోవాలి. సంచి అడుగు చిరిగి తీపినీళ్లు కారితే చెప్పులు నేలకు అతుక్కుంటాయి, ఎండాకాలమంతా ఈగలు ముసురుతాయి. నీళ్ల సీసాలు కూడా చేరిస్తే వాటిని నా నెత్తిన పెట్టుకోవాలా?

మిషిగన్_వాసి: దయచేసి డబ్బాలను నలగ్గొట్టకండి. ఖాళీలు తీసుకునే యంత్రం బార్‌కోడ్ చదవలేక తిప్పి పంపేస్తుంది. నేను మొదటి ఏడాది రెండు సంచులు నలిపి తీసుకెళ్లి, ఒక్క పైసా రాక తిరిగి మోసుకొచ్చాను. మాకు డిపాజిట్ 10 సెంట్లు ఉన్నా నీళ్ల సీసాలకు ఇప్పటికీ లేదు.

లెక్కల_మాస్టారు: ఎవరూ వెనక్కి తీసుకోని డిపాజిట్ సొమ్ము ఎవరికి చేరుతుందో ముందు తేల్చండి. మాసచూసెట్స్‌లో అది ప్రభుత్వ ఖజానాకు పోతుంది. పాతకాపు గారు గొప్పగా చెప్పిన ఆరెగన్‌లో అది పానీయాల పంపిణీదారుల దగ్గరే మిగిలిపోతుంది. జనం సీసాలు పారేస్తే లాభపడేవారి చేతికి వ్యవస్థను అప్పగించడం న్యాయమా?

ఆరెగన్_పాతకాపు: మాస్టారు గారూ, ఆ సొమ్ముతోనే మా వాపసు కేంద్రాలు నడుస్తున్నాయి. ఖాళీలు నింపిన పచ్చ సంచి అక్కడ వదిలి వస్తే లెక్కపెట్టి ఖాతాలో జమ చేస్తారు, కిరాణా దుకాణాల మీద భారం తగ్గుతుంది. ఏమీ చూడకుండా నిందలు వేయకండి.

లెక్కల_మాస్టారు: నేను అడిగింది సౌకర్యం గురించి కాదు, యాజమాన్యం గురించి. న్యూయార్క్ 2009లో నీళ్ల సీసాలను చేర్చినప్పుడే ఆ సొమ్ములో 80 శాతం రాష్ట్రానికి మళ్లించింది. దానికి మీరు సమాధానం చెప్పలేదు.

క్వీన్స్_అక్క: మీ వాదనలో మనుషులు కనబడటం లేదు. న్యూయార్క్‌లోని మా వీధిలో ఒక పెద్దావిడ తెల్లవారుజామునే బండి తోసుకుంటూ వచ్చి సీసాలు ఏరుకుంటుంది, నీళ్ల సీసాలే ఆమె బండిలో సగం. ఆమెకు ఇది పర్యావరణం కాదు, ఇంటి అద్దె.

హైదరాబాదీ: కేదార్‌నాథ్‌లో 10 రూపాయల డిపాజిట్‌తో, క్యూఆర్ కోడ్ అంటించిన సీసాలను వెనక్కి తీసుకుంటున్నారు. ఆ ఏర్పాటు చేసింది మన హైదరాబాద్ సంస్థే.

కిరాణా_అన్న: తమ్ముడూ, నీ పత్రంలో రెండు మాటలు చేర్చు: సీసాకు ఇంత అని దుకాణానికి ఇచ్చే నిర్వహణ రుసుము పెరగాలి, పంపిణీదారుడు వారానికి రెండుసార్లు వచ్చి ఖాళీలు తీసుకెళ్లాలి. అవి ఉంటే నేనూ సంతకం చేస్తాను.

బోస్టన్_విద్యార్థి: రెండూ చేరుస్తాను అన్నా. ఈ వారంలోనే పత్రం పట్టుకుని వస్తాను, ముందుగా మీ వెనుక గది చూపించండి.