లారీ డీజిలు ట్యాంకు తిరిగి బిగించేటప్పుడు సక్షన్ (ఇంజను వైపు డీజిలు పీల్చే గొట్టం) ఏది, రిటర్న్ (మిగులు డీజిలును ట్యాంకుకు తెచ్చే గొట్టం) ఏది? పైపు లావు చూసి చెప్పవచ్చా?

చిత్తూరు లారీ యజమాని:
మాది పాత రకం పంపు ఇంజను ఉన్న పది చక్రాల లారీ. ట్యాంకులో తుప్పు పేరుకుందని దింపించి కడిగించాము. దింపిన కుర్రాడు గొట్టాలకు గుర్తులు పెట్టకుండానే పని మానేసి వెళ్లిపోయాడు. ట్యాంకు మీద రెండు మూతులు, పక్కన ట్యాంకుకు గాలి ఆడే చిన్న బ్రీదర్, గేజి వైరు ఉన్నాయి. చాసిస్ నుంచి రెండు నల్ల గొట్టాలు వేలాడుతున్నాయి. లావుది సక్షన్ అని ఒకరు, ఎటు తగిలించినా బండి నడుస్తుందని మరొకరు చెబుతున్నారు. బంగారుపాళ్యంలో మామిడి లోడు ఎదురుచూస్తోంది. ఎవరి మాట వినాలి?

రేణిగుంట మెకానిక్:
లావుదే సక్షన్, సందేహం అక్కర్లేదు. ఫీడ్ పంపు డీజిలును పీల్చుకోవాలి. గొట్టం సన్నగా ఉంటే పీల్పు చాలదు. రిటర్న్‌లో వచ్చేది మిగులు డీజిలు మాత్రమే, దానికి సన్నది సరిపోతుంది.

పలమనేరు డ్రైవరు:
ఎటు తగిలించినా నడుస్తుందన్న వారికి ఒక్క మాట. నడుస్తుంది, ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు. చాలా ట్యాంకుల్లో రిటర్న్ పైపు లోపల పొట్టిగా ఉంటుంది. పంపు దాని గుండా పీల్చుతుంటే, డీజిలు ఆ మట్టం కన్నా కిందికి దిగగానే గాలి లాగుతుంది. చిత్తూరు నుంచి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు డీజిలు వెనక్కి ఒరుగుతుంది. గేజిలో సగం చూపిస్తుండగానే బండి ఎగిసి ఎగిసి ఆగిపోవచ్చు. వెనక బస్సులు, పక్కన లోయ. ఆ స్థితి ఎవరికీ రాకూడదు.

తిరుపతి షెడ్డు మేస్త్రి:
రేణిగుంట తమ్ముడు చెప్పిన కారణం సరైనదే, కానీ అది కంపెనీ నుంచి వచ్చిన బండికి వర్తిస్తుంది. పదేళ్లు తిరిగిన లారీలో గొట్టాలు ఎన్నిసార్లు మారి ఉంటాయో ఎవరికి తెలుసు? దుకాణంలో ఏ సైజు దొరికితే అది వేసి క్లాంపు బిగించేస్తారు. లావును నమ్మి పంపును పణంగా పెట్టకండి.

అసలు ఇక్కడ రెండు ప్రశ్నలు ఉన్నాయి. గొట్టాల్లో సక్షన్ ఏది? ట్యాంకు మూతుల్లో సక్షన్ ఏది? అందరూ ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

గొట్టం సంగతి ఇంజను దగ్గర తేలుతుంది. ఫీడ్ పంపు లోపలి దారికి వెళ్లేది సక్షన్. ఇంజెక్టర్ల మిగులు, పంపు ఓవర్‌ఫ్లో కలిసి వచ్చేది రిటర్న్. చాసిస్ మీద చేత్తో తడుముతూ రండి. మధ్యలో కట్టలో కలిసిపోతే, రెండు కొసలనూ శుభ్రమైన డీజిలు ఉన్న డబ్బాలో ఒకదాని తరువాత ఒకటి ముంచి హ్యాండ్ ప్రైమర్ (ఫీడ్ పంపు దగ్గర చేత్తో కొట్టి డీజిలు లాగే చిన్న పంపు) కొట్టండి. డబ్బాలో మట్టం తగ్గితే అదే సక్షన్.

మూతి సంగతికి, ట్యాంకు మీద పైపులు, గేజి బిగించి ఉన్న ప్లేటు స్క్రూలు విప్పి ఎత్తి చూడండి. అడుగుకు కాస్త పైన ఆగే పొడవాటి పైపు, తరచూ కొసన జల్లెడతో, సక్షన్‌ది.

రేణిగుంట మెకానిక్:
ప్లేటు విప్పడం ఎందుకు మేస్త్రీ? ట్యాంకులో కాస్త డీజిలు పోసి, మూతిలోకి మెల్లగా గాలి ఊదితే చాలదా? బుడబుడ చప్పుడు వచ్చింది సక్షన్.

తిరుపతి షెడ్డు మేస్త్రి:
రిటర్న్ పైపు కూడా అడుగుదాకా దిగే ట్యాంకులు ఉన్నాయి. నురగ రాకుండా అలా చేస్తారు. అప్పుడు రెండూ బుడబుడమంటాయి. ఒకటే మోగితే సరే, రెండూ మోగితే ప్లేటు ఎత్తక తప్పదు. ఊదేటప్పుడు ట్యాంకు మూత తీసి ఉంచండి, కంప్రెసరు గాలి పూర్తిగా వదలకండి.

ఇంకొకటి. కడిగిన ఖాళీ ట్యాంకు మీద వెల్డింగు జోలికి పోవద్దు. డీజిలు ఆవిరి 35 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, మన ఎండలు వేసవిలో 40 దాటుతాయి.

పుత్తూరు ట్రాన్స్‌పోర్టు:
2020 తరువాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండి అయితే యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) ట్యాంకు, దాని గొట్టాలు వేరుగా ఉంటాయి. వాటిని డీజిలు గొట్టాలతో పొరపాటున కూడా కలపకూడదు. ఇలాంటి పాత రకం పంపు బండికి ఈ బాధ లేదు.

చిత్తూరు లారీ యజమాని:
ప్లేటు ఎత్తి చూశాను. ఒక పైపు పొడవు, రెండోది దానిలో సగం కూడా లేదు. గొట్టాలు మాత్రం రెండూ ఒకే లావు! ప్రైమర్ కొట్టి సక్షన్ గొట్టం పట్టుకున్నాము. ఇంజను ఆన్ చేసి కొంతసేపు ఉంచితే రెండో గొట్టం వెచ్చబడింది.

తిరుపతి షెడ్డు మేస్త్రి:
వెచ్చబడింది రిటర్నే. సక్షన్ వైపు రాగి వాషర్లు కొత్తవి వేశారా? అక్కడ సందు ఉంటే డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బయట తడి కనిపించదు కాబట్టి, అందరూ పంపు పోయిందనుకుని దాన్ని విప్పేస్తారు.

రేణిగుంట మెకానిక్:
గొట్టం మార్చని బండికి నా మాటే నిలుస్తుంది. ఈ బండికి మాత్రం ప్రైమరే సరి.