జీడీపీ 8.2 శాతమట, నా షాపులో రెండే మోటార్లు

వైండింగ్ షాపు, భీమవరం దగ్గర:
ఇరవై ఏళ్లుగా రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లకి వైండింగ్, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టడం, చేస్తున్నానండి. ఆక్వాకి కరెంటు యూనిట్ రూపాయిన్నర చేశాక రాత్రంతా ఏరేటర్లు తిరిగేవి, తెల్లారేసరికి కాలిన మోటార్లు మా గుమ్మం ముందు వరస కట్టేవి. ఆ మాడిన వార్నిష్ వాసనే మాకు పండగ. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. దాంతో ఇక్కడ రొయ్య రేటు దింపేశారు. మావైపు రైతులు వంద కౌంటుకే, అంటే కిలోకి వంద తూగే చిన్న రొయ్యప్పుడే పట్టేసి చెరువులు ఎండగట్టారు. నవంబరు ఆఖర్లో చూస్తే, జులై-సెప్టెంబరులో దేశ ఉత్పత్తి, అదే జీడీపీ, 8.2 శాతం పెరిగిందట! షాపులో ఉన్నవి రెండే మోటార్లు, ఒకటి మా ఇంటిదే. ఇది మాంద్యం కాకపోతే ఏంటండి? ఎవరిని అడగాలి?

ఎకనామిక్స్ లెక్చరర్, తణుకు:
మాంద్యం లెక్క ఊరికి కాదండి, దేశానికి. మామూలుగా వరసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే ఆ మాట వాడతారు. 2020లో లాక్‌డౌన్‌తో ఏప్రిల్-జూన్‌లో దాదాపు 24 శాతం పడింది, తర్వాతి మూడు నెలలూ తగ్గుదలే. అది మాంద్యం. ఈసారి రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరి-జూన్ మధ్య రెపో రేటు, అంటే బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 6.5 శాతం నుంచి 5.5కి దించింది. సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది. చిన్న కార్లు, ఏసీలు కొంటారు. కానీ ఆ డబ్బు మీ చెరువు గట్టు దాకా రాదు. మన రొయ్యని ఎక్కువగా తినేది పైదేశాల వాళ్లు కదా.

ధాన్యం రైతు, రామచంద్రపురం:
అమెరికాని ఒక్కదాన్నే తిట్టడం దేనికండి? 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపింది ఢిల్లీయే. కాకినాడ పోర్టుకి తిరిగే మా బావమరిది లారీ ఆ సీజన్లో సగం రోజులు చెట్టుకింద ఉంది. ఏడాది దాటాక, 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. పట్నంలో బియ్యం కొనుక్కునేవాడికి మాత్రం అది మంచి పాలసీయే. వాడిది తప్పని నేనూ అనను. కానీ కోత మన మీద పడింది.

వైండింగ్ షాపు:
లెక్చరర్ గారూ, రెపో తగ్గిందన్నారు కదా, నా షాపు లోను ఫైనాన్స్ వాళ్లదండి. వెళ్లి అడిగితే "మీది ఫిక్స్‌డ్ వడ్డీ, మారదు" అన్నారు. సంతకం పెట్టినప్పుడు చూసుకోలేదు, నా ఖర్మ. మొన్న మిక్సీలు, గ్రైండర్లు కూడా బాగుచేస్తానని బోర్డు రాయించాను. ఇప్పటికి ఒక గ్రైండర్ వచ్చింది. రెండొందలు అడిగితే నూట ఇరవైకి తెగ్గొట్టి పట్టుకెళ్లారు.