పాత ఫ్లాట్ మొత్తం బాగు చేయించాలంటే ఎంతవుతుంది?

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో మాకో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. 780 చదరపు అడుగులు, 1998లో కట్టింది. ఇన్నేళ్లూ అద్దెకిచ్చాం, ఇప్పుడు మేమే దిగుదామని తాళం తీసి చూస్తే నీరసం వచ్చేసింది. బాత్రూమ్‌కి అవతలి వైపు బెడ్‌రూమ్ గోడంతా పొక్కులు, వేలితో తాకితే సున్నం పొడిపొడిగా రాలుతోంది. జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప పైపులు) తుప్పు పట్టి, పొద్దున్నే కుళాయి తిప్పితే మొదటి చెంబు నీళ్లు టీ రంగులో వస్తున్నాయి. వైరింగ్ సంగతి సరేసరి, గీజర్ నడుస్తుండగా మిక్సీ వేస్తే ఫ్యూజు పోతుంది.

ఒక మేస్త్రీ కూలీ మాత్రమే 2.6 లక్షలన్నాడు, సామాను మనదే. ఇంకో కాంట్రాక్టర్ అన్నీ కలిపి 9.5 లక్షలు, పైన 18 శాతం జీఎస్టీ. ఆయన కాగితంలో రెండు బాత్రూమ్‌లకీ కలిపి ఒకటే లైను. వాటర్‌ప్రూఫింగ్ ఉందా అంటే "అన్నీ వస్తాయి సార్" అంటాడు. ఆ "అన్నీ" అంటేనే నాకు టెన్షన్.

పాత మొజాయిక్ మీదే టైల్స్ వేస్తే పగలగొట్టే ఖర్చు, మట్టి ఎత్తే ఖర్చు తప్పుతాయంటున్నారు. మరి నేల ఎత్తు పెరిగితే తలుపులన్నీ కింద కోయించాలి కదా? అలా చేసినవాళ్లున్నారా?

వుడ్‌వర్క్ ఇప్పుడే వద్దు. పైపులు, వైరింగ్, బాత్రూమ్‌లు, ఫ్లోరింగ్, వంటగది గట్టు, రంగులు, అంతే. ఈమధ్య చేయించినవాళ్లు మీకు ఎంతైందో, ముందు అనుకున్నదానికంటే ఎక్కడ పెరిగిందో చెప్పగలరా?