అప్‌డేట్: పౌడర్ కోటింగ్ వేసిన అలాయ్ వీల్స్‌పై సన్నని రంధ్రాలు, కారణం తేలింది

పోత అల్యూమినియం చక్రాలకు నిగనిగలాడే నలుపు పౌడర్ కోటింగ్ (పొడి రంగును చల్లి, ఓవెన్‌లో కరిగించి గట్టిపరిచే పూత) వేయించాక స్పోక్‌ల అంచుల్లో సూదిమొనంత రంధ్రాలు ఎందుకు తేలాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. లోహంలోని సూక్ష్మరంధ్రాల్లో చిక్కుకున్న వాయువు ఓవెన్ వేడికి బయటికి తన్నుకొస్తూ, అప్పుడే కరిగిన పొరను చీల్చుకుని వస్తుందన్న సూచనే నిజమని మరో కోటింగ్ నిపుణుడు తేల్చారు. ఆయన పాత పొరను పూర్తిగా తొలగించి, పౌడర్ గట్టిపడే ఉష్ణోగ్రత కన్నా కాస్త ఎక్కువగా, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద వట్టి చక్రాలను ముందే వేడిచేసి, వాయువు వెలువడ్డాక ప్రైమర్ (అడుగు పూత), నలుపు, క్లియర్ (పారదర్శక) పొరలు వేశారు. మరీ ఎక్కువ వేడి మిశ్రమలోహం బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఈ పని అనుభవజ్ఞులకే అప్పగించడం మేలు. కొందరు అనుమానించినట్టు బండి కడిగే షాంపూకు, పౌడర్ బ్రాండ్‌కు ఇందులో ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు రిమ్ అంచులో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం వంకర లేకుండా కనిపిస్తోంది.