సెకండ్ హ్యాండ్ టెస్లా మోడల్ వై విద్యుత్ కారుకు 3,400 డాలర్ల పొడిగింపు వారంటీ: తీసుకోవాలా, వద్దా?

ప్రశ్న (ఫ్రిస్కో, కొత్త సభ్యుడు; బ్రాకెట్లలో ఉన్నవి రాసినవారు ఉండే డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లు)

అందరికీ నమస్కారం. నేను హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద హైదరాబాదు నుంచి ఈ మధ్యనే టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చాను. ఆఫీసు డల్లాస్ డౌన్‌టౌన్‌లో ఉన్నందున రానూపోనూ రోజుకు సుమారు 60 మైళ్లు నడపవలసి ఉంటుంది. ఒక డీలర్ దగ్గర 2022 మోడల్ టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్ కారు చూశాను. ఇప్పటికి 44,000 మైళ్లు తిరిగింది. ధర కుదిరాక నన్ను ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టారు. ఐదేళ్ల పొడిగింపు వారంటీ 3,400 డాలర్లనీ, అప్పులో కలిపేస్తే నెలకు 70 డాలర్లే పడుతుందనీ, నాకు ఇక్కడ క్రెడిట్ చరిత్ర లేదు కనుక అది తీసుకోకపోతే బ్యాంకు అప్పు ఇవ్వకపోవచ్చనీ చెప్పారు. శనివారంలోగా సంతకం చేయమంటున్నారు. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (ఇర్వింగ్)

ఫ్రిస్కో సోదరులకు స్వాగతం. వారంటీ సంగతి తరువాత చూద్దాం, ముందు బీమా సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. వసంతకాలం వచ్చిందంటే ఉత్తర టెక్సస్‌లో వడగళ్ల వానలు మొదలవుతాయి, ఆ కారు పైకప్పేమో మొత్తం గాజు. వడగళ్ల నష్టానికి ఏ వారంటీ కంపెనీ పైసా ఇవ్వదు. బీమాలో కాంప్రిహెన్సివ్ భాగం (ఢీకొనడం కాక వడగళ్లు, దొంగతనం వంటి నష్టాలను భరించేది) ఉంటేనే డబ్బు వస్తుంది. టైర్ల సంగతి కూడా గుర్తుంచుకోండి. ఈ కార్లు బరువైనవి, కాలు పెట్టీ పెట్టగానే దూకుతాయి కనుక టైర్లు త్వరగా అరుగుతాయి. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు అరిగిపోయే సామాను కింద లెక్క కాబట్టి వాటి ఖర్చు ఎటూ మీదే.

ఇక మీ ప్రశ్నకు నా జవాబు: తీసుకోవద్దు. బ్యాటరీకి ఎనిమిదేళ్ల కంపెనీ వారంటీ ఉండగా ఇంకొకటి కొనడం శుద్ధ దండగ. అయితే సర్వీసు మాత్రం కంపెనీ సెంటర్‌లోనే చేయించండి. బయటి మెకానిక్ చెయ్యి పడిందంటే ఉన్న వారంటీ కూడా పోతుంది.

జవాబు (ప్లేనో)

ఇర్వింగ్ అన్నగారు చివర చెప్పిన మాట సరి కాదు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయట సర్వీసు చేయించారన్న ఒక్క కారణంతో తయారీ కంపెనీ వారంటీని రద్దు చేయడానికి వీల్లేదు. బయటివారు చేసిన పని వల్లనే ఆ భాగం చెడిందని చూపగలిగితే ఆ మరమ్మతు వరకు నిరాకరించవచ్చు, అంతే.

ఇప్పుడు ఈ కారు లెక్క చూద్దాం. టెస్లా ప్రాథమిక వారంటీ 4 ఏళ్లు లేదా 50,000 మైళ్లు, ఏది ముందైతే అది. లాంగ్ రేంజ్ మోడల్ వై బ్యాటరీకీ, చక్రాలను తిప్పే డ్రైవ్ యూనిట్‌కూ 8 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లు. ఆ కాలంలో బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కంటే దిగువకు పడిపోతే కూడా అది వర్తిస్తుంది. ఈ రెండూ కారుతోపాటు కొత్త యజమానికి బదిలీ అవుతాయి. ఈ గడువులు మోడల్ సంవత్సరం నుంచి కాదు, కారు మొదటి యజమాని చేతికి వచ్చిన తేదీ నుంచి మొదలవుతాయి కనుక ఆ తేదీని డీలర్‌తో కాగితం మీద రాయించుకోండి.

మీకు 50,000 మైళ్ల హద్దుకు మిగిలింది 6,000 మైళ్లే. ఆఫీసు ప్రయాణమే రోజుకు 60 మైళ్లంటే, వారాంతాలు కలుపుకొని నాలుగేళ్ల గడువు ఇంకా మిగిలి ఉన్నా నాలుగైదు నెలల్లో ప్రాథమిక వారంటీ ముగిసిపోతుంది. డ్యాష్‌బోర్డు మీది తెర, హీట్ పంపు (కారులో వేడిగాలి, చల్లగాలి ఇచ్చే యంత్రం), తలుపుల అద్దాలను నడిపే యంత్రాలు, సస్పెన్షన్ భాగాలు, చార్జ్ పోర్టు వంటివన్నీ అక్కడితో మీ ఖర్చులోకి వస్తాయి. కాబట్టి పొడిగింపు వారంటీని తూచవలసింది వీటితో. బ్యాటరీ పేరు చెప్పి మిమ్మల్ని భయపెడితే పట్టించుకోకండి, అది ఇప్పటికే రక్షణలో ఉంది.

అప్పు విషయం. వారంటీ కొంటేనే బ్యాంకు అప్పు ఇస్తుందన్న మాటను నమ్మవద్దు. నిజంగా అలాంటి షరతు ఉందంటే ఆ బ్యాంకు పేరు అడిగి, బ్యాంకుకే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ మాట అనగానే సాధారణంగా షరతు మాయమవుతుంది. నెలకు 70 డాలర్లే అన్న లెక్క 60 నెలల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుంటే సరిపోతుంది. అంటే 3,400 కాస్తా 4,235 అవుతుంది. వారంటీకి కూడా వడ్డీ కడుతున్నామన్న సంగతి ఆ గదిలో ఎవరూ చెప్పరు.

జవాబు (కొప్పెల్)

ప్లేనో వారి లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను గాని, అసలు ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు. ఆ 3,400 డాలర్ల కాగితం మీద సంతకం పెట్టే కంపెనీ ఏది? హైదరాబాదు షోరూంలో పొడిగింపు వారంటీ అంటే చాలావరకు కారు తయారుచేసిన కంపెనీదే. ఇక్కడ డీలర్ అమ్మేది చాలాసార్లు ఏ సంబంధమూ లేని మూడో కంపెనీ ఇచ్చే సర్వీసు కాంట్రాక్టు. టెస్లాకు ఫ్రాంచైజీ డీలర్లే లేరు కనుక మీ డీలర్ అమ్మేది టెస్లా వారంటీ అయ్యే అవకాశం లేదు.

నా అనుభవం కొంచెం వివరంగా చెబుతాను. నాది వేరే తయారీదారు విద్యుత్ కారు, సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాను. కొన్న రోజున డీలర్ నా చేతికి ఇచ్చింది రంగురంగుల బ్రోచరు ఒకటి. అసలు కాంట్రాక్టు తరువాత పోస్టులో వచ్చింది. కంపెనీ వారంటీ ముగిసిన మరుసటి వేసవిలో, ఒక రాత్రి గరాజ్‌లో 240 వోల్టుల ప్లగ్ పెడితే చార్జింగ్ ఎక్కలేదు. ప్లగ్ చెడిందేమోనని పొరుగువారి ఇంట్లో పెట్టి చూసినా అంతే. అదే కారు హైవే పక్కన ఉన్న ఫాస్ట్ చార్జర్ దగ్గర మాత్రం చక్కగా ఎక్కింది. ఫాస్ట్ చార్జర్ నేరుగా డీసీ కరెంటు ఇస్తుంది. ఇంటి ఏసీ కరెంటును డీసీగా మార్చే పని కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్‌ది. సర్వీసు సెంటర్‌వారు అదే పోయిందని తేల్చి, మూడు వేల డాలర్లు దాటే అంచనా చేతిలో పెట్టారు.

వారంటీ కంపెనీకి ఫోన్ చేస్తే ముందు సర్వీసు రికార్డులన్నీ అడిగారు, పంపాను. తరువాత తమ తనిఖీదారు వచ్చేదాకా కారును కదపవద్దన్నారు. ఆయన వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లాడు. ఆపైన, భాగాన్ని విప్పి చూడటానికి నేను అనుమతి ఇవ్వాలనీ, క్లెయిమ్ తిరస్కరిస్తే విప్పిన కూలి నేనే కట్టుకోవాలనీ అన్నారు. దానికీ సంతకం పెట్టాక చివరకు ఒక ఉత్తరం వచ్చింది: ఆన్‌బోర్డ్ చార్జర్ కాంట్రాక్టు జాబితాలో లేదట. కాంట్రాక్టు తీసి చూస్తే రెండు పేజీల నిండా సిలిండర్ బ్లాక్, పిస్టన్లు, టైమింగ్ చెయిన్, ఫ్యూయల్ పంపు వరుసగా ఉన్నాయి. విద్యుత్ భాగాలన్న శీర్షిక కింద ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటారు, వైపర్ మోటారు ఉన్నాయి. నా కారులో ఆల్టర్నేటరూ లేదు, స్టార్టర్ మోటారూ లేదు. పెట్రోలు కారు కోసం రాసిన కాంట్రాక్టును విద్యుత్ కారుకు అంటగట్టారు. మొత్తం జాబితాలో నా కారులో నిజంగా ఉన్నవి వైపర్ మోటారుతో కలిపి చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కాబట్టి కాంట్రాక్టును సంతకానికి ముందే పూర్తిగా అడిగి తీసుకోండి. అది రెండు రకాలుగా ఉంటుంది. మొదటి రకంలో జాబితాలో ఉన్న భాగాలకే రక్షణ. రెండో రకంలో జాబితాలో ఉన్నవి తప్ప మిగతా అన్నిటికీ రక్షణ. విద్యుత్ కారుకు రెండోది తప్ప వేరేది ముట్టుకోవద్దు. అందులో కూడా ఆన్‌బోర్డ్ చార్జర్, డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ కరెంటును లైట్ల వంటివాటికి తగ్గించి ఇచ్చేది), హీట్ పంపు, తెర మినహాయింపుల్లో ఉన్నాయేమో వెతకండి. డిడక్టిబుల్ (ఖర్చులో మీరు కట్టవలసిన వాటా) ఒక్కొక్క మరమ్మతుకా, సర్వీసు సెంటర్‌కు వెళ్లిన ఒక్కొక్కసారికా అన్నది కూడా చూడండి.

జవాబు (ఇర్వింగ్)

కొప్పెల్ గారి కథ విన్నాక నా సలహా ఇంకా గట్టిపడింది. పెద్ద లోపాలేవైనా ఉంటే రీకాల్‌లో ఎటూ ఉచితంగానే బాగుచేస్తారు. 2021లో పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల తెరల్లో మెమరీ చిప్ సమస్య వస్తే సుమారు 1,35,000 కార్లను రీకాల్ చేయలేదా? సోదరులు ఆ కారు విన్ నంబరును, అంటే గుర్తింపు సంఖ్యను, రహదారి భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొట్టి చూస్తే మిగిలిపోయిన రీకాళ్లు కనబడతాయి. అలాగే, టీవీ ప్రకటనలతో ఊదరగొట్టే సర్వీసు కాంట్రాక్టుల కంపెనీ కార్‌షీల్డ్ 2024 జూలైలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో తప్పుదోవ పట్టించే ప్రకటనల కేసులో కోటి డాలర్లకు రాజీ చేసుకుంది. ఈ వ్యాపారం ఎలాంటిదో దాన్ని బట్టే తెలుస్తుంది.

జవాబు (మెకిన్నీ)

అన్నగారూ, రీకాల్ వేరు, వారంటీ వేరు. రీకాల్ భద్రతకు ముప్పున్న లోపాలకే వస్తుంది. గతుకుల మీద కిర్రుమనే, చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌కో, ఆగస్టులో చల్లగాలి ఇవ్వడం మానేసిన హీట్ పంపుకో రీకాల్ కోసం కూర్చుంటే ఆ వేసవంతా చెమటలు కక్కాల్సిందే.

నేను పొడిగింపు తీసుకున్నవాడినే, తయారీ కంపెనీ దగ్గరే తీసుకున్నాను. నేను తీసుకున్నప్పుడు టెస్లా వారి పొడిగింపు సర్వీసు ఒప్పందం ప్రాథమిక వారంటీ తరువాత 2 ఏళ్లు లేదా 25,000 మైళ్ల వరకు ఉండేది, ఇప్పటి షరతులు వారినే అడగండి. దాన్ని ప్రాథమిక వారంటీ ముగియకముందే కొనాలి. బయటి డీలర్ దగ్గర కొన్న కారుకు అర్హత ఉందో లేదో విన్ నంబరు ఇచ్చి టెస్లావారినే అడగండి. ఉంటే మీ దగ్గర ఉన్న గడువు ఆ 6,000 మైళ్లే. మరమ్మతు చేసేదీ డబ్బు భరించేదీ ఒకరే అయినప్పుడు తనిఖీదారు రావడం, విప్పడానికి అనుమతి అడగడం లాంటి తంతు ఉండదు.

జవాబు (ఇర్వింగ్)

తయారీ కంపెనీయే నిలబడకపోతే ఏం చేస్తారు? 2024 జూన్‌లో ఫిస్కర్ అనే విద్యుత్ కార్ల కంపెనీ దివాలా తీసినప్పుడు ఆ కార్లు కొన్నవారి వారంటీల గతి అందరం చూశాం.

జవాబు (ప్లేనో)

సోదరులు కొంటున్నది ఫిస్కర్ కాదు కదా అన్నగారూ. మీరు లేవనెత్తిన సందేహం నిజానికి మూడో కంపెనీలకే ఎక్కువ వర్తిస్తుంది. టెక్సస్‌లో సర్వీసు కాంట్రాక్టు ఇచ్చే కంపెనీ టీడీఎల్‌ఆర్ అనే రాష్ట్ర శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఆ శాఖ సైటులో పేరు కొట్టి చూడవచ్చు. కంపెనీ మునిగితే క్లెయిములు చెల్లించే బీమా సంస్థ ఏదన్నది కాంట్రాక్టులో రాసి ఉందేమో కూడా చూడాలి. ఎవరి పేరూ లేకపోతే అక్కడితో ఆపేయవచ్చు.

జవాబు (ఆలెన్)

అన్నయ్యలందరూ కారు గురించే మాట్లాడుతున్నారు, తమ్ముడి వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. హెచ్‌-1బి మొదట మూడేళ్లకు ఇస్తారు. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లవలసి రావచ్చు, ఇండియాకు తిరిగి వెళ్లవలసి రావచ్చు. ఐదేళ్ల కాంట్రాక్టుకు ఈరోజే వడ్డీతో సహా డబ్బు కట్టేముందు, మధ్యలో కారు అమ్మితే అది కొన్నవారికి బదిలీ అవుతుందా, రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుందన్నది తెలుసుకోవాలి.

టెక్సస్ చట్టం ఈ విషయంలో కొనుగోలుదారు వైపే ఉంది. కొన్న 31వ రోజుకు ముందే రద్దు చేస్తే, క్లెయిమ్ ఏదీ తీసుకోకపోతే మొత్తం సొమ్ము వెనక్కి ఇవ్వాలి, రద్దు రుసుము వసూలు చేయకూడదు. ఆ తరువాత రద్దు చేస్తే మిగిలిన కాలానికి తగ్గట్టు ఇస్తారు, రుసుము 50 డాలర్లు మించకూడదు. కాబట్టి శనివారంలోగా సంతకం చేయాలన్న తొందర అనవసరం. ఒత్తిడికి సంతకం చేసినా నెల రోజుల్లోగా దాన్ని విడిపించుకోవచ్చు. రద్దు సంగతి డీలర్‌కు నోటితో చెప్పి వదిలేయకుండా, కాంట్రాక్టులో ఉన్న కంపెనీ చిరునామాకు ఉత్తరం రసీదుతో పంపండి.

జవాబు (కొప్పెల్)

ఆలెన్ చెల్లెమ్మ చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. కారు మీద అప్పు ఉంటే వెనక్కి వచ్చే డబ్బు మీ చేతికి రాదు, అప్పిచ్చిన బ్యాంకుకు వెళుతుంది. నాకు అలాగే జరిగింది. నెల వాయిదా ఒక్క డాలరు కూడా తగ్గలేదు. అసలులోంచి తీసేశారు కనుక చివరి వాయిదాలు కొన్ని తగ్గాయి. వాయిదా తగ్గలేదని బ్యాంకువారితో గొడవపడవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు (ఫ్రిస్కో)

అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం డీలర్‌ను పూర్తి కాంట్రాక్టు పంపమని అడిగితే మొదట బ్రోచరే పంపారు. మళ్లీ అడిగాక అసలుది వచ్చింది. జాబితాలో ఉన్న భాగాలకే రక్షణ ఇచ్చే రకం అది. అందులో ఆల్టర్నేటర్ ఉంది, ఆన్‌బోర్డ్ చార్జర్ లేదు. బ్యాంకు పేరు అడిగితే, వారంటీ తప్పనిసరి అని తాము అనలేదన్నారు. వారంటీ లేకుండా అప్పు కాగితాలు మళ్లీ రాయమన్నాను. కారు విన్ నంబరుతో టెస్లావారిని అర్హత అడుగుతూ సందేశం పెట్టాను.

జవాబు (మెకిన్నీ)

మంచిది. టెస్లావారు అర్హత లేదంటే, ఆ 70 డాలర్లను నెలనెలా వేరే పొదుపు ఖాతాలో వేసుకోండి. ఏదైనా చెడితే అందులోంచి కట్టవచ్చు, చెడకపోతే డబ్బు మీ దగ్గరే ఉంటుంది. ప్రాథమిక వారంటీ ఉన్న ఈ నాలుగైదు నెలల్లో కారులో వచ్చే ప్రతి చిన్న శబ్దాన్నీ టెస్లా యాప్‌లో నమోదు చేసి, 50,000 మైళ్లు దాటకముందే అపాయింట్‌మెంట్ తీసుకుని చూపించండి.

జవాబు (ఇర్వింగ్)

కాంప్రిహెన్సివ్ బీమా మాత్రం మరచిపోకండి.