పోపుల సామాజిక బోధన మీద వన్‌ఫ్రేమ్ స్టాంపుల ప్రదర్శన: ప్లాన్ ఎలా వేయాలి?

పెర్ఫొరేషన్14:
స్టాంపుల పోటీలో థీమాటిక్ (ఒక అంశం మీద కథ చెప్పే) విభాగానికి వన్‌ఫ్రేమ్, అంటే ఒకే ఫ్రేమ్‌లో పట్టే 16 షీట్లు సిద్ధం చేస్తున్నా. పదమూడవ లియో 1891లో రాసిన లేఖ 'రేరుం నొవారుం' నుంచి ఆరవ పాల్ 1967లో రాసిన లేఖ 'పోపులోరుం ప్రోగ్రెస్సియో' దాకా, మానవాభివృద్ధి అంశం. మొదటి లేఖకి వాటికన్ వేసిన 1991 శతాబ్ది సెట్, పదమూడవ లియో, ఆరవ పాల్ బొమ్మల స్టాంపులు కొన్ని ఉన్నాయి. పోపుల బొమ్మలతోనే ఫ్రేమ్ లాగొచ్చా? ఇంకోటి, మింట్‌వి (వాడనివి) రెండు గమ్ (వెనక జిగురు) వైపు అతుక్కుపోయాయి. నీళ్లలో వేయనా?

గమ్‌సైడ్:
నీళ్లలో వేశారంటే గమ్ మొత్తం పోతుందండీ. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున తడిపి పిండిన స్పాంజి, దానిపైన జల్లెడలాంటిది, ఆ మీద స్టాంపులు. నీటి చుక్క తగలకూడదు. అరగంటకోసారి తీసి చూడండి. అంచు వదులైతే ట్వీజర్‌తో మెల్లగా జరపాలి, లాగితే పై కాగితం చిరుగుతుంది. విడిపోయాక గమ్ వైపు పైకి పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉండగానే బ్లాటింగ్ పేపర్ వేసి నొక్కారా, దానికే అతుక్కుంటుంది. ఎక్కువసేపు ఉంచితే గమ్ కరిగి మెరుపు మచ్చలు పడతాయి. అప్పుడు దాన్ని చెడని మింట్ అని చెప్పుకోకండి.

మార్జిన్‌బ్లాక్:
పోపుల వరస పెడితే అది పోర్ట్రెయిట్ ఆల్బమ్. ఫిప్ (అంతర్జాతీయ స్టాంపు సేకరణ సమాఖ్య) థీమాటిక్ నిబంధనల్లో 100 మార్కుల్లో ట్రీట్‌మెంట్‌కి (కథ నడిపే తీరుకి) 35, ప్రెజెంటేషన్‌కి (షీట్లు కనిపించే తీరుకి) 5. కాబట్టి రంగుల బార్డర్లు మానేసి కథ అల్లండి. లేఖల్లో ఉన్న విషయాల ప్రకారమే అధ్యాయాలు: కూలి, ఆకలి, ఆయుధాల ఖర్చు.

కూలికి: 1991 సెట్, ఆ వెనకే మన 1969 ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) స్వర్ణోత్సవ స్టాంపు (20 పైసలు). ఆ ఏడాదే ఆరవ పాల్ జెనీవాలో ఐఎల్ఓ సభలో మాట్లాడారు, లింకు గట్టిగా ఉంది. ఆకలికి: 1963 మార్చి 21న చాలా దేశాలు వేసిన 'ఆకలి నుంచి విముక్తి' స్టాంపులు. మనది 15 నయా పైసలు, వాటికన్ కూడా అదే ఏడాది వేసింది.

అసలు ఈ ఫ్రేమ్‌కి ఆయువుపట్టు 1964 డిసెంబర్ 2 నాటి మన సెయింట్ థామస్ స్టాంపు. బొంబాయిలో జరిగిన యూకరిస్టిక్ కాంగ్రెస్‌కి (కాథలిక్కుల అంతర్జాతీయ సభకి) ఆరవ పాల్ వచ్చిన సందర్భంలో వేశారు. ఆయుధాలకు పెట్టే డబ్బులో కొంత తీసి పేదల కోసం ప్రపంచ నిధి పెట్టాలని ఆయన అక్కడే అడిగారు. 1967 లేఖ 51వ పేరాలో దాన్నే గుర్తుచేశారు. 'సెయింట్ థామస్' అని మాత్రం రాసి వదిలేస్తే జడ్జికి అర్థం కాదు, పేరా నంబరు వేయండి. బొంబాయి క్యాన్సలేషన్‌తో (తపాలా ముద్రతో) ఫస్ట్ డే కవర్ (స్టాంపు విడుదల రోజు ముద్ర పడిన కవర్) దొరికితే ఇంకా మంచిది.

పెర్ఫొరేషన్14:
ఆ స్టాంపు నా దగ్గర యూజ్డ్ (ముద్ర పడింది) ఉంది. మింట్ పక్కన పెడితే తప్పా?

మార్జిన్‌బ్లాక్:
తప్పు కాదు గానీ ఒకే షీట్‌లో కలపకండి, ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

గమ్‌సైడ్:
మౌంట్‌కి (స్టాంపుని షీట్ మీద పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగుకి) వెనకవైపు పై అంచునే కొద్దిగా తడపండి. తడి ఎక్కువై లోపలికి కారితే మళ్లీ ఇదే గొడవ. పీవీసీ కవర్లు అస్సలు వద్దు, ప్లాస్టిక్‌లోని మెత్తదనమిచ్చే రసాయనం రంగుని లాగేస్తుంది. పాలిస్టర్ కవర్లు అడిగి కొనండి.