జెడ్420లో డెబియన్ 13: ఎన్‌వీఎంఈ డిస్క్ నుంచి బూట్ కావడం లేదు

చిత్తూరు_డీటీపీ:
మిషన్ హెచ్‌పీ జెడ్420. జియాన్ ఈ5-1620 మొదటి తరం, 16 జీబీ ఈసీసీ (తప్పుల్ని తనే సరిదిద్దే) ర్యామ్, క్వాడ్రో కే2000 గ్రాఫిక్స్ కార్డు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది, 11 ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. 512 జీబీ ఎన్‌వీఎంఈని (వేగమైన ఎస్‌ఎస్‌డీ) పీసీఐఈ అడాప్టర్లో పెట్టి డెబియన్ లినక్స్ వేసినా. ఇన్‌స్టాల్ పూర్తవుతాది, రీస్టార్ట్ చేస్తే బూట్ డిస్క్ లేదంటాది. ఎఫ్9 బూట్ మెనూలో ఆ డిస్క్ పేరే రాదు. అడాప్టర్ పోయిందంటారా అన్నా? ఇంకోటి, మాది పెండ్లి పత్రికల పని, అంతా అను ఫాంట్లే. వాటి సంగతేంది?

పాతపెట్టె:
అడాప్టర్ బాగానే ఉందన్నా, పోయుంటే ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనపడేదే కాదు. ఆ కాలం బయాస్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవర్ లేదు, లినక్స్ కెర్నల్లో ఉంది. లినక్స్‌ని లేపే బూట్‌లోడర్ గ్రబ్, అది డిస్కును చదివేది బయాస్ ద్వారానే. కాబట్టి గ్రబ్, కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (కెర్నల్‌కి మొదట్లో కావాల్సిన ఫైళ్ళ మూట) ఈ మూడూ సాటా డిస్క్ మీద ఉండాల. కెర్నల్ లేచినాక మిగతాదంతా ఎన్‌వీఎంఈ నుంచే నడుస్తాది, వేగం తగ్గదు.

ఏదో ఒక పాత సాటా హార్డ్‌డిస్క్ తగిలించండి. పెన్‌డ్రైవ్‌ని ఎఫ్9లో లెగసీ (పాత బయాస్ పద్ధతి) కింద కనపడే పేరుతోనే బూట్ చేయండి. యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) కింద లేపితే ఇన్‌స్టాలర్ గ్రబ్‌ని కూడా అట్లే వేస్తాది. పార్టిషన్లు మాన్యువల్‌గా: సాటా డిస్క్‌ని జీపీటీ (కొత్త రకం పార్టిషన్ పట్టిక) చేసుంటే ముందు 1 ఎంబీ బయాస్ బూట్ పార్టిషన్, అది లేకుంటే గ్రబ్ ఎక్కదు. దాని తర్వాత 1 జీబీ ఈఎక్స్‌టీ4, మౌంట్ పాయింట్ బూట్. రూట్ (మిగతా సిస్టం అంతా ఉండేది), స్వాప్ (ర్యామ్ చాలకుంటే వాడేది) ఎన్‌వీఎంఈలో. చివర్లో గ్రబ్ ఎక్కడ వేయాలని అడిగినప్పుడు తొందరపడొద్దు, ఎస్‌డీఏ అని లిస్టులో మొదట కనపడే డిస్క్ మీ పెన్‌డ్రైవే అయ్యుండొచ్చు. సైజు చూసి ఎంచుకోండి.

నూవో_చాలు:
కే2000కి ఎన్‌విడియా డ్రైవర్ 470 సిరీస్‌తో ఆగిపోయింది, డెబియన్ 13 రిపాజిటరీలో అది లేదు. లినక్స్‌తోనే వచ్చే నూవో డ్రైవర్ చాలు. కార్డు తక్కువ క్లాక్‌లోనే ఉండిపోతుంది గానీ పత్రికల పనికి తేడా తెలియదు. బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్లకి మాత్రం దండగ.

ర్యామ్ పెంచాలని చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోతే స్టిక్కర్ చూసి కొనండి. 12800 పక్కన ఇంగ్లీషు ‘ఈ’ ఉంటే అన్‌బఫర్డ్ ఈసీసీ, అదే కావాలి. ‘ఆర్’ ఉంటే రిజిస్టర్డ్ సర్వర్ ర్యామ్. స్లాట్లో చక్కగా కూర్చుంటుంది, మిషన్ లేవదు.

పోతన_వేమన:
అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌దే. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ముక్కలు కూర్చినవి. ఫాంట్ లేనిచోట ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలే. పాత ఫైళ్ళ కోసం ఎఫ్10 సెటప్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, వర్ట్-మేనేజర్‌లో (లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిపే సాఫ్ట్‌వేర్) 4 జీబీ ర్యామ్ ఇచ్చి విండోస్ పెట్టుకోండి. దానికి నెట్ ఇవ్వొద్దు.

కొత్త పని పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6లో చేయొచ్చు, తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయి, ప్రింటింగ్‌కి కావాల్సిన సీఎంవైకే (నాలుగు రంగుల) పీడీఎఫ్ వస్తుంది. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలో పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్ వేస్తే యాపిల్ కీబోర్డ్ లేఅవుట్ కూడా వస్తుంది, అనులో అదే అలవాటైన చేతులకి కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు.